ధూళియు గాలియు

నల్లమల కొండలకును ఎఱ్ఱమల కొండలకును నడుమ కుందూ నది పాఱుచున్న నేల నంద్యాల సీమ. ఇచ్చటి భూములు పెక్కుచోట్ల నల్లరేగడి. వానకు తడిసినచో ఎద్దుకాలిని పట్టి వదలవు. ఎండకు ఎండినచో నెఱియలు విచ్చి, పైపొర పొడియై, ఆషాఢమాసపు పడమటి గాలికి మింటి కెగయును. ఈ నేలకు పత్తి చిరకాలపు పంట. నంద్యాలలో 1906వ సంవత్సరమున నెలకొల్పబడిన వ్యవసాయ పరిశోధన క్షేత్రమునుండి నరసింహ మొదలగు పత్తి రకములు రైతుల చేతికి వచ్చినవి. పత్తి యున్నచోట గింజ తీయు మరలును, మరలున్నచోట తెల్లని నూగును తప్పవు. నంద్యాలనుండి దక్షిణముగా ఆళ్లగడ్డకు పోయినచో నూగునకు బదులు రాతిపొడి కానవచ్చును. ఏలయన అది శిల్పుల ఊరు. అచ్చట మలచిన దేవతా విగ్రహములు దేశదేశములకు పోవుచున్నవి; మలచినప్పుడు లేచిన పొడి మాత్రము ఊరిలోనే నిలిచిపోవుచున్నది.

మన్ను, నూగు, రాతిపొడి అను నీ మూడు ధూళులకు అలవాటుపడిన సీమలోనికి గడచిన ముప్పది యేండ్లలో ధూళిని ఏ మాత్రమును ఓర్వజాలని యంత్రము ఒకటి ప్రవేశించినది. అది కంప్యూటరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1998లో దస్తావేజుల రిజిస్ట్రేషనును కంప్యూటరులకు అప్పగింప మొదలిడెను. 2011లో మీసేవ కేంద్రములు వెలసెను. 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ సచివాలయములు ఏర్పడగా కంప్యూటరు పల్లెపల్లెకు నడచెను. నేడు రైతు పొలము పత్రమును, విద్యార్థి కులధ్రువీకరణమును, వృద్ధురాలి పింఛను లెక్కయు ఆ పెట్టెయందే యున్నవి. ఆ పెట్టెలో చిన్న పంకా యొకటి తిరుగుచు గదిలోని గాలిని లోపలికి లాగికొనును. గదిలోని గాలితోపాటు గదిలోని దుమ్మును లోపలికి పోవును. కొన్ని నెలలకు పంకా ఱెక్కలమీద బూజువంటి పొర కట్టి, లోపలి వేడి వెలికి పోలేక, యంత్రము తానై ఆగిపోవును. కీబోర్డు మీటల సందులలో ఇసుక చేరి అక్షరములు పడవు.

అప్పుడు మనవారు చేయు పని యేమి? పెట్టెను మరమ్మతు దుకాణమునకు పంపుదురు. లేదా వీధి చివర పంక్చరులు వేయు కొట్టునుండి గాలిగొట్టమును తెప్పింతురు. ఒక్క ఊపున దుమ్మంతయు లేచిపోవును. చూచువారికి అది ఇంద్రజాలమువలె ఉండును. కాని ఆ దుమ్ము ఎక్కడికి పోయినది? ఆ గాలి ఎంత బలముతో వచ్చినది? దానితో మఱి యేమి కలసి వచ్చినది? ఈ మూడు ప్రశ్నలు క్రొత్తవి కావు. మనుష్యుడు గాలిని పనిలో పెట్టిన నాటనుండి ఇవి యున్నవి. వీనికి సమాధానములు దొరకుటకు పెక్కు ప్రాణములు వ్యయమైనవి. ఆ కథయే నేటి ప్రసంగ విషయము.

గాలితో శుభ్రము చేయు విద్య కళ్లమునందు పుట్టినది. రైతు ఎత్తుపీటపై నిలిచి, చేటతో ధాన్యమును నెమ్మదిగా జార్చును. గట్టిగింజ సూటిగా క్రింద పడును. తాలు, పొట్టు, దుమ్ము గాలివాటున దూరముగా పోవును. తూర్పారబట్టుట యనగా ఇదియే. తేలికయైనదానిని గాలి మోసికొనిపోవును, బరువైనది నిలుచును అను సూత్రమే కంప్యూటరును ఊదువాని చేతిలోను పనిచేయుచున్నది. అయితే రైతు తెలివి మఱియొకటి గమనింపదగినది. అతడు గాలి యెటు వీచుచున్నదో ముందుగా చూచుకొని, పొట్టు తన ముఖముమీద పడని చోట నిలుచును. ఇంటిలో పొయ్యి ముందు కూర్చుండి ఊదుగొట్టము పట్టిన తల్లియు ఈ సంగతి నెఱుగును. మెల్లగా ఊదిన నిప్పు రాజుకొనును. గట్టిగా ఊదిన బూడిద కన్నులలో పడును.

నోటి గాలి చాలనిచోట కమ్మరివాడు తోలుతిత్తిని కల్పించెను. తిత్తి నోరు సన్నము. వెడల్పైన తిత్తినుండి గాలి ఆ సన్నని నోటిద్వారా రావలసివచ్చినప్పుడు దాని వేగము హెచ్చును. నేటి గాలిగొట్టమునకు చివర సన్నని ముక్కు అమర్చుటకు కారణమిదియే. ఇక గాలిని అదిమి నిలువచేయు మార్గము 17వ శతాబ్దమునందు స్పష్టమైనది. జర్మనీ దేశమున ఆటో ఫన్ గెరికె 1650 ప్రాంతమున గాలి పంపును నిర్మించెను. ఇంగ్లండునందు రాబర్టు బాయిలు గాలిని సగము చోటులోనికి అదిమినచో దాని ఒత్తిడి రెండింతలగునని 1662లో ప్రకటించెను. 1776లో జాన్ విల్కిన్‌సను తన ఇనుపకొలిమికి గాలి ఊదుటకై జేమ్సు వాటు ఆవిరియంత్రమును నియోగించెను. నాటితో తోలుతిత్తి స్థానమున ఇనుప తిత్తి నిలిచినది.

అదిమిన గాలి తన పూర్ణబలమును చూపినది ఆల్ప్సు కొండలలో. ఫ్రాన్సు, ఇటలీ దేశముల నడుమ మాన్‌సెని సొరంగమును త్రవ్వుట 1857లో ఆరంభమయ్యెను. సుమారు 13 కిలోమీటర్ల రాతిని చేతి ఉలులతో తొలిచినచో తరములు పట్టునని భయపడిరి. జెర్మెయిన్ సొమ్మెయ్యే అను ఇంజనీరు 1861లో అదిమిన గాలితో నడచు ఉలులను ప్రవేశపెట్టెను. కొండ వెలుపల నదీజలముల బలముతో అదిమిన గాలి గొట్టముల వెంట లోపలికి పోయి, ఉలిని నడపి, పని ముగించుకొని కూలీలకు ఊపిరియు నయ్యెను. సొరంగము 1871 సెప్టెంబరులో తెఱవబడెను. దానిని చూచుటకు సొమ్మెయ్యే లేడు; రెండు నెలలకు ముందే ఆతడు మరణించెను.

గాలి ఉలి గనులకు వ్యాపించినది. దానితో పనియు హెచ్చినది, ధూళియు హెచ్చినది. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని వృత్తుల వలన కలుగు వ్యాధులను గూర్చి 1700లోనే గ్రంథము వ్రాసి, రాతిపనివారి ఊపిరితిత్తులలో రాతిపొడి చేరునని హెచ్చరించియుండెను. చేతి ఉలి నాట మెల్లగా వచ్చిన ఆ వ్యాధి గాలి ఉలి నాట తొందరగా రాసాగెను. 19వ శతాబ్ది చివర అమెరికాలో జార్జి లేనరు అను నతడు బోలు ఉలిని నిర్మించి, దాని నడుమనుండి గాలిని పంపి, రంధ్రములోని రాతిపొడిని వెలికి ఊదించెను. రంధ్రము శుభ్రమయ్యెను, కాని సొరంగమంతయు పొడితో నిండెను. పనివారు ఆ యంత్రమును ముట్టమనిరి. అంతట లేనరు గాలితోపాటు నీటిని పంపు ఏర్పాటు చేసెను. పొడి తడిసి బురదయై క్రింద పడెను. గాలి దుమ్మును నశింపజేయదు, చోటు మార్చును. ఊదినదానిని పట్టుటకు ఏర్పాటు లేనిదే ఊదరాదు. ఈ రెండు నియమములను ఆ కూలీలు తమ నిరాకరణముచేత లోకమునకు నేర్పిరి.

ఇదే పాఠమును 1901లో లండను నగరమునందు హ్యూబర్టు సెసిలు బూతు మఱియొక విధముగా గ్రహించెను. ఒక నాటకశాలలో అమెరికానుండి వచ్చిన యంత్రమును ప్రదర్శించుచుండిరి. అది అదిమిన గాలిని ఊది తివాచీలలోని దుమ్మును లేపి పెట్టెలో పడవేయుటకు ప్రయత్నించును. కొంత పెట్టెలో పడెను. ఎక్కువ భాగము తిరిగి తివాచీ మీదనే పడెను. ఊదుటకు బదులు పీల్చరాదా యని బూతు ఆలోచించెను. ఒక భోజనశాలలో కుర్చీ మెత్తపై చేతిరుమాలు పఱచి, దానిమీద నోరుంచి పీల్చి చూచెను. రుమాలు క్రిందివైపున నల్లని మరక కట్టెను. ధూళిని పీల్చి బట్టలో బంధించు యంత్రమునకు అదే మూలము. ఆతని యంత్రము గుఱ్ఱపుబండిపై వీధులలో తిరిగెను. 1902లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకమునకు వెస్టుమినిస్టరు ఆలయపు తివాచీలను దానితోనే శుభ్రపఱచిరి.

మన నంద్యాల సీమకు అదిమిన గాలి సొరంగముల దారిని గాక బండిచక్రముల దారిని వచ్చినదనవచ్చును. 1888లో డన్‌లపు గాలి టైరునకు పేటెంటు పొందిన పిదప సైకిలు, బస్సు, లారీ ఎక్కడికి పోయినను వానివెంట గాలిపంపును పోయినది. నేడు బాటప్రక్కనున్న పంక్చరు కొట్టులో ఎఱ్ఱని తొట్టి యొకటి దడదడలాడుచుండును. అందులోని గాలి ఒత్తిడి చదరపు అంగుళమునకు 100 పౌనులు, ఒక్కొక్కచోట అంతకు మించియు నుండును. లారీ టైరునకు అది తగినది. కంప్యూటరునకు గాని, మనుష్యుని చర్మమునకు గాని తగినది కాదు.

దీనికి కారణములు చెప్పవలెను. మొదటిది నీరు. మన చుట్టునున్న గాలిలో ఎల్లప్పుడును నీటియావిరి కొంత యుండును. అట్టి గాలిని ఎనిమిదవ వంతు చోటులోనికి అదిమి, అది చల్లారనిచ్చినచో, ఆవిరి నీరై తొట్టి అడుగున చేరును. శ్రావణ భాద్రపదములలో ఈ నీరు మఱింత ఎక్కువ. పంపునందలి నూనె తుంపరలును అందు కలియును. ఆ తొట్టినుండి నేరుగా ఊదినప్పుడు వచ్చునది పొడిగాలి కాదు; నీరును నూనెయు కలసిన గాలి. దుమ్ము పోయి తడి మిగులును. తడిమీద మఱుసటి వారమే క్రొత్త దుమ్ము అంటుకొని బంకయగును.

రెండవది బలము. అంత ఒత్తిడితో వచ్చిన గాలి సన్నని తీగెల అతుకులను కదలించును, కీబోర్డు మీటలను ఊడగొట్టును. పంకా మీద పడినచో అది తన మితికి మించిన వేగముతో గిఱగిఱ తిరిగి ఇరుసు చెడిపోవును; పైగా అట్లు తిరుగు పంకా తానే చిన్న విద్యుజ్జనకమై, పుట్టిన విద్యుత్తును పలకలోనికి వెనుకకు పంపవచ్చును.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, మనుష్యుని శరీరము. పని ముగిసిన పిదప బట్టలమీది దుమ్మును దులుపుకొనుటకు గాలిగొట్టమును మేనివైపు త్రిప్పుకొనుట మరమ్మతు కొట్టులలోను, రాతిపని చోటులలోను అలవాటుగా కానవచ్చుచున్నది. కొందరు పరిహాసమునకై తోటివానిపై ఊదుదురు. చర్మముపై చిన్న గాయమున్నను ఆ గాలి లోపలికి చొచ్చి, రక్తనాళములలో బుడగయై, ప్రాణము తీయగలదు. చెవిలో పడినచో కర్ణభేరి పగులును. ఎగిరిన చిన్న రవ్వ కంటిని పోగొట్టును. అందుచేత అమెరికా దేశమున 1971లో వచ్చిన కార్మికరక్షణ నియమములు, శుభ్రము చేయుటకు వాడు గాలి చదరపు అంగుళమునకు 30 పౌనులకు లోపల నుండవలెననియు, ఎగురు రవ్వలకు అడ్డును, పనివానికి కంటి రక్షణయు నుండవలెననియు విధించినవి. నూలుమిల్లులలో యంత్రములపై పేరిన నూగును గాలితో ఊదుట వలన పనివారికి ఉబ్బసమువంటి ఊపిరితిత్తుల వ్యాధి వచ్చుచున్నందున, వేఱు మార్గము సాధ్యమైనచోట అట్లు ఊదరాదని 1978లో మఱియొక నియమము చేసిరి. మన దేశమున 2025 వఱకు అమలునందుండిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 14వ సెక్షను ధూళినుండియు, 35వ సెక్షను కంటి ప్రమాదములనుండియు పనివానిని కాపాడవలెనని చెప్పెను. రాతిపొడి వలన వచ్చు సిలికోసిసును, పత్తినూగు వలన వచ్చు బిస్సినోసిసును ఆ చట్టమే వృత్తివ్యాధులుగా పేర్కొన్నది. అయితే ఆ చట్టము ఫ్యాక్టరీ గడపవఱకే వచ్చెడిది. ఇద్దఱు ముగ్గురు పనిచేయు చిన్న కొట్టునకు రక్షణ వారి యెఱుకయే.

ఇక కంప్యూటరు కథకు వత్తము. 1946లో అమెరికాలో లోకమునకు చూపబడిన ఎనియాకు అను యంత్రమునందు సుమారు 18,000 వాక్యూము గొట్టములు వెలుగుచుండెను. వాని వేడిని తొలగించుటకు పెద్ద ఊదుయంత్రములు అవసరమయ్యెను. పుట్టినప్పటినుండియు కంప్యూటరునకు గాలితో పొత్తు తప్పలేదు. మన దేశమునకు తొలి యంత్రము 1955లో కలకత్తా గణాంకశాస్త్ర సంస్థకు వచ్చెను. హైదరాబాదున 1967లో స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి. 12 అను కంప్యూటరును తయారుచేసెను. ఆ కాలపు యంత్రములు చల్లని గదులలో, వడపోసిన గాలిలో ఉండెడివి. గదిలోనికి పోవువారు చెప్పులు బయట విడిచిపోయెడివారు. ధూళికిని యంత్రమునకును నడుమ గోడ యుండెను. 1981 తరువాత బల్లమీది చిన్న కంప్యూటరు వ్యాపించుటతో ఆ గోడ కూలినది. యంత్రము చల్లని గదిని విడిచి తహసీలు కార్యాలయమునకు, పత్తి కమీషను కొట్టునకు, శిల్పి లెక్కలు చూచుకొను బల్లమీదికి వచ్చినది. టైపుయంత్రము నుండి సంక్రమించిన మీటల వరుసయు దానితో వచ్చినది. పూర్వము టైపు నేర్పు పాఠశాలలలో ప్రతిదినము మెత్తని బ్రష్షుతో అక్షరములను తుడిచెడివారు. ఆ మంచి యలవాటు మాత్రము వెంట రాలేదు.

పట్టణములలో దొరకు గాలిడబ్బాను గూర్చి ఒక మాట. దానిపై గాలి యని వ్రాసియున్నను లోపలనున్నది గాలి కాదు. ఒత్తిడిచే ద్రవమైన రసాయన వాయువు. ఇట్టి తుంపరడబ్బాకు మూలము నార్వే దేశీయుడు ఎరిక్ రోథీము 1920లలో చేసిన కల్పన. తొలుత ఈ డబ్బాలలో క్లోరోఫ్లోరోకార్బనులు నింపెడివారు. అవి ఆకాశమునందలి ఓజోను పొరను హరించునని మొలినా, రోలండు అను శాస్త్రజ్ఞులు 1974లో తెలిపిరి. 1987 నాటి మాంట్రియలు ఒప్పందముతో వానికి తెర పడెను. వాని స్థానమున వచ్చిన వాయువులలో ఒకటి, బరువునకు బరువుగా, బొగ్గుపులుసు వాయువుకంటె వేయింతలకు పైగా భూమిని వేడి చేయునది. మఱియొకటి నిప్పు తగిలిన మండునది. వీనిని తగ్గించుటకై 2016లో కిగాలి నగరమున చేసిన సవరణమును భారతదేశము 2021లో అంగీకరించినది. ఈ డబ్బాను నిలువుగానే పట్టవలెను. వంచినచో ద్రవమే వెలికి వచ్చి చర్మమును గడ్డకట్టించును, పలకమీద తడి చేయును. మూసిన గదిలో వాడరాదు. దీపము, రవ్వ, వేడియంత్రము దగ్గఱ వాడరాదు. దీనిని పీల్చుట గుండెను ఆపగల విషమని పిల్లలకు చెప్పియుంచవలెను.

ఇంత చరిత్రయు మనకు బోధించు పద్ధతి కష్టమైనది కాదు. మొదట యంత్రమును ఆపి, విద్యుత్తు తీగెను గోడనుండి తీసి, కొంతసేపు వేడి చల్లారనీయవలెను. పెట్టెను గదినుండి వసారాకో, ఆరుబయటికో తేవలెను. కళ్లములోని రైతువలె గాలివాటము చూచి, దుమ్ము తనవైపునకును, ప్రక్కవారివైపునకును రాని చోట నిలువవలెను. కంటికి అద్దములు, ముక్కునకు మూతిగుడ్డ యుండవలెను. ముందు మెత్తని బ్రష్షుతో వదులు దుమ్మును తీసి, మిగిలిన దానికే గాలి నుపయోగించుట మేలు. పంపుతొట్టి అడుగునున్న మరను విప్పి నీటిని వదలి, ఒత్తిడిని 30 పౌనులకు లోపలకు తగ్గించి, మొదట తెల్లకాగితముపై ఊది చూడవలెను. కాగితముపై తడిగాని నూనె చుక్కగాని కనబడినచో ఆ గాలి పనికిరాదు. బాగుగా నున్నచో పంకా ఱెక్కను చిన్న పుల్లతో కదలకుండ పట్టి, గొట్టము ముక్కును జానెడు దూరమున నుంచి, ఆగియాగి కొద్దికొద్దిగా ఊదవలెను. కీబోర్డును బోర్లించి తట్టి, పిమ్మట ఏటవాలుగా పట్టి మీటల వరుసల వెంట ఊదవలెను. విద్యుత్తును మార్చి పంచు లోపలి పెట్టెను విప్పరాదు. తీగె తీసిన తరువాతను అందు విద్యుత్తు నిలువ యుండును. తడి యే మాత్రమున్నను పూర్తిగా ఆఱినగాని మరల నడపరాదు.

ఆళ్లగడ్డవంటి చోట్ల ఇంకొక జాగ్రత్త కావలెను. రాతిపని జరుగు చోటునందలి పెట్టెలో పేరినది మామూలు దుమ్ము కాదు. అందు మిల్లీమీటరులో నూఱవ వంతుకంటె సన్నని రాతిరేణువులు కలవు. అవి కంటికి కానరావు, గంటలకొలది గాలిలో తేలుచుండును, ఊపిరితిత్తులలో చేరినచో మరల రావు. అట్టి పెట్టెను ఊదుటకంటె తగిన వడపోత గల పీల్చుయంత్రముతోను, కొంచెము తడిసిన గుడ్డతో వెలుపలి భాగములను తుడుచుటతోను శుభ్రపఱచుట ఉత్తమము. కంప్యూటరును రాతి కోతకు దూరముగా మూసిన గదిలో నుంచుట అంతకంటె ఉత్తమము. గాలితో ఒంటిమీది పొడిని దులుపుకొనుట మాత్రము ఎప్పుడును కూడదు.

కంప్యూటరు చెడిపోయినచో వేఱొకటి కొనవచ్చును. అందలి లెక్కలకు ప్రతి యుంచినచో అవియు మరల దొరకును. దానిని ఊదువాని కంటికి గాని ఊపిరికి గాని ప్రతి లేదు. కార్యాలయాధికారియైనను, కొట్టు యజమానియైనను, గొట్టమును పనివాని చేతి కిచ్చుటకు ముందు, ఈ దుమ్ము ఎక్కడికి పోవును, అక్కడ ఎవరున్నారు అని ఒక్కసారి అడిగి చూడవలెను. లేనరు కాలపు గనికూలీలు అడిగినదియు ఇంతమాత్రమే.